చెలమ తవ్విన ఇంజనీరు

నంది కొండ మీద పడిన వాన ఒక్క దిక్కుకే పోదు. ఉత్తరానికి జారిన నీరు పెన్న అవుతుంది, గౌరిబిదనూరు, హిందూపురం మీదుగా నెల్లూరు దాకా వెళ్తుంది. దక్షిణానికి జారింది దక్షిణ పినాకిని అయి హోసకోట దాటి, తమిళనాట హోసూరు, కృష్ణగిరి పొలాలకు చేరుతుంది. చిత్రావతి బాగేపల్లి మీదుగా పుట్టపర్తి దారి పడుతుంది. పాపాఘ్ని కడప వైపు, ఆర్కావతి కావేరి వైపు పోతాయి. వానొస్తే ఉరికి, ఎండొస్తే ఇసుక మిగిల్చే నదులివి. ఆ కొండ కిందనే ముద్దేనహళ్లి ఉంది. అప్పట్లో మైసూరు సంస్థానంలో ఓ చిన్న పల్లె. 2007లో కోలారు నుంచి విడిపోయాక చిక్కబళ్లాపూరు జిల్లాలో ఉంది.

మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టింది ఆ ఊళ్లోనే, 1861 సెప్టెంబరు 15న. కొన్ని పుస్తకాల్లో 1860 అని ఉంటుంది. శతజయంతి తపాలా బిళ్ల కూడా 1960లోనే వచ్చింది. ఇంటి పేరు మాత్రం ఆంధ్ర దేశానిది. నల్లమల దిగువన గిద్దలూరు, బేస్తవారిపేట ప్రాంతంలో మోక్షగుండం అనే ఊరుంది. పెద్దలు అక్కణ్నుంచి మైసూరు సీమకు వలస వచ్చారు. ముచ్చటగా చెప్పుకోవాల్సిందేమంటే, తరాలు గడిచినా ఆ ఇంట్లో తెలుగు పోలేదు. బయట కన్నడం, ఇంట్లో తెలుగు. కోలారు, చిక్కబళ్లాపూరు పల్లెల్లో లక్షల మందికి అది ఇవాళ్టికీ మామూలు సంగతే.

విశ్వేశ్వరయ్య అనగానే కృష్ణరాజ సాగరం గుర్తుకొస్తుంది. బడి పుస్తకాల్లో మైనపు వత్తుల కథ, రైలు పట్టాల కథ ఎలాగూ ఉన్నాయి. సెప్టెంబరు 15 వచ్చిందంటే దండలు, ఉపన్యాసాలు తప్పవు. ఆ హడావుడిలో పక్కకు పోయిన పని ఒకటుంది. ఆనకట్ట కట్టి నీళ్లు నిలపడం ఎంత ముఖ్యమో, ఆ నీళ్లు మురికి కాకుండా, ఆ నీళ్ల వల్ల నేల పాడు కాకుండా చూడడం కూడా అంతే ముఖ్యమని ఆయన ఉద్యోగంలో చేరిన తొలి ఇరవై ఏళ్లలోనే చేసి చూపించారు. అప్పటికి ఆయన దివానూ కాదు, సర్ కూడా కాదు.

తండ్రి లేని చదువు

తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితుడు. తల్లి వెంకటలక్ష్మమ్మ. కలిగిన కుటుంబం కాదు. చిన్న వయసులోనే తండ్రి పోయారు. చిక్కబళ్లాపూరు బడిలో చదివిన కుర్రాణ్ని మేనమామ రామయ్య బెంగళూరు తీసుకెళ్లి చేరదీశారు. సెంట్రల్ కాలేజీలో చదువుతూ, ఒక కొడగు కుటుంబం పిల్లలకు పాఠాలు చెప్పి ఖర్చులు వెళ్లదీసుకున్నారు. 1881లో బీఏ పూర్తయింది. ఆ పైన మైసూరు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో పుణె సైన్సు కాలేజీలో ఇంజనీరింగు. 1883లో బొంబాయి ప్రెసిడెన్సీ మొత్తానికీ మొదటి ర్యాంకు. మరుసటి ఏడే బొంబాయి ప్రజాపనుల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరు ఉద్యోగం వచ్చేసింది.

మొదటి పోస్టింగులే నీళ్ల పనులు. ఖాందేశ్‌లో, అంటే ఇప్పటి ధూలే ప్రాంతంలో, పాంజ్రా నది అడ్డంగా గొట్టంతో సైఫన్ వేసి నీళ్లు అవతలికి దాటించే పని అప్పగించారు. వర్షాకాలం, వరదలు, ఇసుక మేట. కుర్ర ఇంజనీరు పని ఆపి వాన తగ్గాక చూద్దామనుకున్నారు, పైవాళ్లు ఒప్పుకోలేదు. పని పూర్తి చేసే బయటపడ్డారు. నది ఇసుక ఎలా కదులుతుందో, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో ఆయనకు అక్కడ తెలిసొచ్చింది.

సింధు ఒడ్డున చెలమ

1894లో సుక్కూరు వెళ్లాల్సి వచ్చింది. అది సింధు నది ఒడ్డు పట్నం, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. సింధు రాష్ట్రం అప్పుడు బొంబాయి ప్రెసిడెన్సీలో భాగం కాబట్టి అక్కడి మునిసిపాలిటీ పనులకు పుణె, బొంబాయి నుంచే ఇంజనీర్లు వెళ్లేవారు. ఊరి పక్కనే అంత పెద్ద నది ఉండీ తాగడానికి నీళ్లు లేవు. నీరు ఉంది, కానీ బురద. వరద కాలంలో ముంత ముంచితే ఒండ్రే వచ్చేది. ఆ నీళ్లను ఎత్తి కొండ మీది ట్యాంకుకు చేర్చే ఏర్పాటు ఉంది గానీ, వడగట్టే ఏర్పాటు లేదు. ఫిల్టర్ బెడ్లు కట్టాలంటే స్థలం కావాలి, డబ్బు కావాలి. మునిసిపాలిటీ దగ్గర అంత డబ్బు లేదు.

ఆయన చేసింది ఇదీ. ఒడ్డుకు దగ్గరగా నది గర్భంలోనే ఒక గుండ్రటి బావి దింపించారు. నది నీరు నేరుగా బావిలోకి రాదు. ఇసుక పొరల్లోంచి ఊరి, బురద వదిలేసి, తేటగా బావిలోకి చేరుతుంది. ఊట చాలకపోతే ఎలా? బావి అడుగు నుంచి నది గర్భం కిందికి సొరంగం తవ్వించారు, ఇంకా ఎక్కువ ఇసుక కింది నీరు అందేలా. అక్కణ్నుంచి పంపులతో కొండ మీదికి. 1895లో పని పూర్తయింది. నది ఇసుకే ఫిల్టరు, దానికి ఖర్చు లేదు.

ఇంజనీరింగు పుస్తకాల్లో దీనికి పెద్ద పేర్లు ఉండొచ్చు. పెన్న, చిత్రావతి, పాలారు ఒడ్డున పుట్టిన వాళ్లకు మాత్రం ఇది కొత్త సంగతి కాదు. ఏట్లో నీరు ఎండిపోయాక ఇసుకలో మోకాటి లోతు గుంట తీసి, కాసేపు ఆగి, తేరిన నీళ్లు చిప్పతో తోడి బిందె నింపుకోవడం ఇక్కడి ఆడవాళ్లు తరతరాలుగా చేస్తున్నదే. దాని పేరు చెలమ. విశ్వేశ్వరయ్య సుక్కూరులో తవ్వింది ఓ పెద్ద చెలమ, అంతే. నంది కొండ కింద పెరిగిన పిల్లాడు చెలమ నీళ్లు తాగకుండా పెరిగి ఉంటాడా?

చెలమకు ఒక షరతుంది. ఏట్లో ఇసుక ఉండాలి.

చెరకు, చౌడు

సుక్కూరు తర్వాత సూరత్, అక్కణ్నుంచి పుణె. 1898లో చైనా, జపాన్ చూసొచ్చారు. 1899లో పుణె నీటిపారుదల విభాగానికి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు అయ్యారు. ఆయన జీవితం మొత్తంలో రైతుకు నేరుగా తగిలిన పని ఇదేనని చెప్పాలి. విచిత్రంగా తక్కువ మందికి తెలిసింది కూడా ఇదే.

దక్కను మీద కరువుల తర్వాత కరువులు వస్తున్నాయని ప్రభుత్వం కాలువలు తవ్వించింది. నీరా ఎడమ కాలువ 1880లలో పారింది. ఉద్దేశం కరువు పల్లెల్లో జొన్న, సజ్జ పండించడం. జరిగింది వేరు. కాలువ మొదట్లో ఉన్న పల్లెల వాళ్లు చెరకు వేశారు. చెరకుకు ఏడాది పొడుగునా నీళ్లు కావాలి. మొదట్లో వాళ్లు పగలూ రాత్రీ పారించుకుంటే చివరి పల్లెలకు కాలువ ఎండిందే కనిపించేది. కరువు పోగొట్టడానికి తవ్విన కాలువ పక్కనే కరువు!

అదొక్కటే అయితే పంపకం తగాదా అనుకోవచ్చు. నష్టం నేల లోపల కూడా జరుగుతోంది. దక్కనులో చాలా చోట్ల లోతైన నల్లరేగడి. దాంట్లో నీరు తొందరగా ఇంకిపోదు. ఏడాది పొడుగునా తడి మీద తడి పెడితే అడుగు నీటి మట్టం పైపైకి వస్తుంది. నేలలోని ఉప్పు ఆ నీళ్లలో కరిగి వేళ్ల దాకా వస్తుంది. ఎండకు నీరు ఆవిరైపోతుంది, ఉప్పు పైన మిగులుతుంది. తెల్లటి పొర తేలుతుంది. మన రైతులు చౌడు తేలిందనేది దాన్నే. ఒకసారి చౌడు తేలిన పొలంలో చెరకు కాదు కదా, గడ్డి కూడా సరిగా రాదు. పైగా నిలిచిన నీళ్లలో దోమలు, ఊళ్లలో మలేరియా. నీళ్లిచ్చి పొలాన్ని చంపడం అంటే ఇదే.

విశ్వేశ్వరయ్య దీనికి బ్లాకు పద్ధతి అని ఒకటి తయారుచేశారు. కాలువ కింది పల్లెల్లో నీరు బాగా ఇంకే మంచి నేల చూసి బ్లాకులు కడతారు. నీళ్లు ఆ బ్లాకులకే. బ్లాకులో మూడో వంతులోనే చెరకు వంటి నీటి పంట వేయాలి. మిగతాదాంట్లో తక్కువ నీటితో పండే ఆరుతడి పంటలు. మరుసటి ఏడు చెరకు పక్క భాగానికి జరుగుతుంది, మొదటి భాగానికి ఊపిరాడుతుంది. అలా తిరిగి తిరిగి వస్తుంది కాబట్టి ఏ ముక్కా ఏళ్ల తరబడి నానదు. ఒక ఊరి నిండా పారే నీళ్లు పది ఊళ్లకు కొంచెం కొంచెం అందుతాయి. నీటి పంపకం, పంట మార్పిడి, నేల ఆరోగ్యం, మలేరియా. నాలుగింటికీ ఒకే మందు.

కాలువ మొదట్లోని చెరకు రైతులు ఊరుకుంటారా? గొడవ చేశారు. వంతుల వారీగా నీళ్లు వదలడం మొదలుపెట్టినప్పుడూ గొడవే. ఆయన రైతులతో కూర్చుని మాట్లాడారు, లెక్కలు చూపించారు. 1901 నుంచి 1903 వరకు పనిచేసిన భారత నీటిపారుదల కమిషన్ ముందు కూడా ఈ పద్ధతి చర్చకు వచ్చింది. బొంబాయి ప్రభుత్వం దక్కను కాలువల మీద దాన్ని అమల్లోకి తెచ్చింది. అయితే ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. చెరకు మీద వచ్చే డబ్బు ముందు బ్లాకు గీతలు చాలాచోట్ల నిలబడలేదు. తర్వాతి దశాబ్దాల్లో నీరా కాలువ కింద వేల ఎకరాల్లో చౌడు తేలింది, మురుగు కాలువలు తవ్వాల్సి వచ్చింది. తర్వాత కృష్ణరాజ సాగరం కింద మండ్య ప్రాంతంలోనూ మూడేళ్ల పంట మార్పిడితో బ్లాకు పద్ధతినే పెట్టారు. అక్కడా వరి, చెరకు గెలిచాయి. అక్కడా చౌడు తప్పలేదు. పద్ధతిలో లోపం కంటే, దాన్ని పట్టించుకోకపోవడమే ఎక్కువ కనిపిస్తుంది.

ఖడక్‌వాస్లా జలాశయానికి 1903లో ఆయన పెట్టిన ఆటోమేటిక్ గేట్ల గురించి అందరూ రాస్తారు. కట్ట ఎత్తు పెంచకుండానే ఎక్కువ నీరు నిలిపే గేట్లు, వరద వస్తే వాటంతట అవే తెరుచుకునేవి. గొప్ప పనే. కానీ గేట్లు ఇనుముతో చేసేవి, చెప్పిన మాట వింటాయి. చెరకు రైతుతో వంతు ఒప్పించడం అంతకంటే కష్టం.

మూసీ మీది 788 చెరువులు

ఆ తర్వాత బొంబాయి ప్రభుత్వ శానిటరీ ఇంజనీరుగా ఊళ్లకు మంచినీళ్లు, మురుగు కాలువలు చూశారు. 1906లో ఎడారి రేవు ఏడెన్‌కు కూడా వెళ్లి ఈ రెండు పథకాలూ తయారుచేశారు. నీళ్లు తెచ్చే పైపు, మురుగు తీసుకెళ్లే పైపు రెండూ ఒకే కాగితం మీద గీయాలన్నది ఆయన పద్ధతి. ఒకటి వేసి రెండోది తర్వాత చూద్దామంటే తెచ్చిన నీళ్లే ఊళ్లోకి రోగం తెస్తాయి. మన పట్నాల్లో చాలా వాటికి ఈ సంగతి వందేళ్లకు గానీ తెలియలేదు.

భారతీయుడికి చీఫ్ ఇంజనీరు పదవి ఇచ్చే రోజులు కావవి. 1908లో స్వచ్ఛందంగా ఉద్యోగం వదిలి విదేశాలకు వెళ్లారు. ఆ సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగింది. వేలమంది చనిపోయారు, నగరంలో పెద్ద భాగం కొట్టుకుపోయింది. నిజాం ప్రభుత్వం కబురు పంపితే 1909 ఏప్రిల్‌లో వచ్చి పని మొదలుపెట్టారు.

వరద నగరంలో వచ్చింది కదా అని ఆయన నగరంలో కూర్చోలేదు. పైకి వెళ్లారు. మూసీ పరీవాహక ప్రాంతం మొత్తం లెక్క తీస్తే 788 చెరువులు తేలాయి, దాదాపు చదరపు మైలుకు ఒకటి. వాటిలో 221 తెగిపోయాయి. ఒక చెరువు కట్ట తెగితే ఆ నీరు కింది చెరువు మీద పడుతుంది, అదీ తెగుతుంది. వాన ఎంత పెద్దదో, తెగిన కట్టలు కలిసి దాన్ని అంతకంటే పెద్దది చేశాయి. నగరానికి పైన జలాశయాలు కట్టాలని, దిగువన భూగర్భ మురుగు కాలువలు వేయాలని సూచించారు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. మురుగు పథకం కోసం 1922లో, 1930లో మళ్లీ వచ్చి సలహాలిచ్చారు.

వరద ఆపడానికి కట్టిన ఆ రెండు జలాశయాలే హైదరాబాదుకు దశాబ్దాల పాటు తాగునీరు ఇచ్చాయి. వాటి చుట్టూ 10 కిలోమీటర్ల మేర పరిశ్రమలు, పెద్ద కట్టడాలు రాకుండా 1996లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 111 నెంబరు జీవో తెచ్చింది. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 69 నెంబరు జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేసింది. జలాశయాల నీటి నాణ్యత చెడకుండా చూడాలని అందులోనే రాసింది. నీటి పైన ఉన్న నేలను వదిలేసి నీటిని కాపాడడం ఎలాగో జీవోలు రాసేవాళ్లే చెప్పాలి.

సొంత సంస్థానంలో

1909 నవంబరులో మైసూరు చీఫ్ ఇంజనీరు, 1912 నుంచి 1918 దాకా దివాను. 1911లో మొదలైన కృష్ణరాజ సాగరం 1930ల మొదట్లో పూర్తయింది. బ్యాంకు, విశ్వవిద్యాలయం, భద్రావతి ఇనుము, చందన నూనె. ఇవన్నీ పాఠాల్లో ఉన్నవే. ఉద్యోగాల్లో వెనుకబడిన కులాలకు వాటా విషయంలో మహారాజుతో అభిప్రాయ భేదం వచ్చి పదవి వదిలేశారు. ఆ విషయంలో ఆయనది సరైన వైపు అని నేడు ఒప్పుకోని వాళ్లు చాలామందే ఉన్నారు.

పదవి పోయాక కూడా కాలికి బలపం కట్టుకుని తిరిగారు. 75 దాటిన వయసులో, గాంధీజీ కోరిక మీద ఒరిస్సా వరదలను చూడ్డానికి వెళ్లి 1937లో, 1939లో రెండు నివేదికలు ఇచ్చారు. గట్లు ఎత్తు పెంచుకుంటూ పోవడం కాదు, మహానది పై భాగంలో జలాశయాల సంగతి చూడండన్నది వాటి సారం. హిరాకుడ్‌కు పునాది ఆలోచన అక్కడుంది.

బెంగళూరు తాగునీటికి ఆయన సలహాల మేరకు ఆర్కావతి మీద తిప్పగొండనహళ్లి జలాశయం 1933లో వచ్చింది. తన ఊరి కొండ నీళ్లే అవి. ఆ నది పరీవాహక ప్రాంతంలో లేఔట్లు, ఫ్యాక్టరీలు పెరిగి మురుగు కలుస్తుంటే 2003లో కర్ణాటక ప్రభుత్వం రక్షణ నోటిఫికేషన్ ఇచ్చింది. ఆలస్యమైపోయింది. 2012 ప్రాంతంలో అక్కణ్నుంచి నగరానికి నీళ్లు ఆపేశారు. జలాశయం ఉంది, కట్ట ఉంది, తాగడానికి నీళ్లు పనికిరాలేదు. కొండకు మరో వైపు దిగిన దక్షిణ పినాకిని కథ కూడా ఇంతే. బెంగళూరు మురుగు కలిసి, హోసూరు దగ్గర కెలవరపల్లి డ్యాం గేట్ల కింద తెల్లటి నురగ గుట్టలుగా పోగుపడడం అక్కడి తెలుగు రైతులు ఏళ్లుగా చూస్తున్నదే.

ఊరికి వచ్చిన నీరు

1955లో భారతరత్న ఇచ్చారు. 1962 ఏప్రిల్‌లో నూరేళ్లు దాటిన వయసులో బెంగళూరులో కన్నుమూశారు. అంత్యక్రియలు ముద్దేనహళ్లిలో జరిగాయి. సమాధి అక్కడే ఉంది. పుట్టిన ఇంటిని మ్యూజియం చేశారు.

ఆ పాత కోలారు జిల్లా తర్వాత చూసిన రోజులు ఆయన చూడలేదు. చెరువులు ఎండాయి. బోర్లు వెయ్యి అడుగులు దాటాయి, లోతు నీళ్లలో ఫ్లోరైడు. ఏట్లో ఇసుక లారీలకెక్కింది. ఇసుక అయిపోయాక ఇంకో దారి కనిపెట్టారు. దాని పేరు ఫిల్టర్ ఇసుక. చెరువు గర్భంలోని, పొలాల్లోని మట్టిని తవ్వి, నీళ్లతో కడిగి, మెత్తటి మట్టిని వదిలేసి ఇసుక రేణువులు వేరుచేయడం. ప్రభుత్వం నిషేధించినా దొంగచాటుగా చాలాకాలం సాగింది. విశ్వేశ్వరయ్య ఇసుకతో నీళ్లను వడగట్టారు. ఆయన పుట్టిన సీమలో నీళ్లతో ఇసుకను వడగట్టారు. వేల ఏళ్లలో తయారైన పైమట్టి ఆ కడుగు నీళ్లతోనే పోయింది.

2018లో బెంగళూరు మురుగు నీటిని శుద్ధి చేసి కోలారు జిల్లా చెరువులకు పంపడం మొదలైంది. కోరమంగల, చల్లఘట్ట లోయ పథకం అది. రోజుకు 44 కోట్ల లీటర్లు, 126 చెరువులు లక్ష్యం. హెబ్బాళ, నాగవార లోయ నుంచి రోజుకు 21 కోట్ల లీటర్లు, ఎక్కువ భాగం చిక్కబళ్లాపూరు జిల్లా చెరువులకు. ఏళ్ల తరబడి ఎండిన చెరువులు నిండాయి, బావుల్లో నీటి మట్టం పెరిగింది. అది కాదనలేని మేలు. కానీ ఇచ్చేది రెండో దశ వరకే శుద్ధి చేసిన నీరు. 2018 జులైలో లక్ష్మీసాగర చెరువులో నురగ కనిపించడంతో హైకోర్టు కొంతకాలం ఆపించింది, తర్వాత మళ్లీ వదిలారు. వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. చెరువులో పోసిన నీరు చెరువులోనే ఉండదు కదా, ఊరి బోర్లలోకి దిగుతుంది. మూడో దశ శుద్ధి కూడా చేసి పంపాలని రైతు సంఘాలు అప్పట్నుంచీ అడుగుతూ వచ్చాయి.

ముద్దేనహళ్లి సమాధికి పది కిలోమీటర్ల లోపు, చిక్కబళ్లాపూరు అంచున ఉన్న కందవార చెరువుకూ ఈ నీరే వచ్చింది.